బిలిరుబిన్ సగానికి దిగింది కదా, మరి మా తమ్ముడెందుకు పోయాడు?

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్కారం. మా తమ్ముడికి 43 ఏళ్లు. చాలా ఏళ్లుగా తాగుడు అలవాటు. రెండేళ్ల కిందటే సిరోసిస్ (లివర్ గట్టిపడి మచ్చలుపడే జబ్బు) అన్నారు. మానేశానని చెప్పేవాడు గానీ మానలేదు. ఈమధ్య జ్వరంతో మొదలై వారం తిరక్కుండానే ఒళ్లంతా పచ్చబడి, పొట్ట ఉబ్బి, పొంతన లేని మాటలు మాట్లాడటం మొదలుపెట్టాడు. ఐసీయూలో చేర్చాం. కామెర్లలో ఒంటిని పచ్చబరిచే బిలిరుబిన్ 31 ఉంది. కృత్రిమ లివర్ మిషన్ పెడతామంటే సరేనన్నాం. మూడు సిట్టింగులు అయ్యేసరికి 31 కాస్తా 14కి దిగింది. నన్ను గుర్తుపట్టి ‘అక్కా’ అని పిలిచాడు కూడా. గండం గడిచిందనుకున్నాం. నాలుగోది కూడా చేయమని అడిగితే డాక్టర్లు వద్దన్నారు. ఆ తర్వాత ఐదు రోజులకే పోయాడు. ఐదారు సిట్టింగులు చేస్తే బతుకుతారని తర్వాత ఎక్కడో చదివాం. మధ్యలో ఆపేయడం వల్లే పోయాడా? ఈ బాధ నన్ను వదలడం లేదు. ఆసుపత్రివాళ్లు ఇచ్చిన డెత్ సమ్మరీ కాపీ జతచేస్తున్నాను.

ఇప్పుడు ఇంకో కష్టం వచ్చిపడింది. మా ఆడపడుచు కూతురికి 22 ఏళ్లు. టీబీ మందులు మొదలుపెట్టి ఆరు వారాలైంది. కామెర్లు వచ్చాయి. వచ్చిన తొమ్మిదో రోజు నుంచి మగతగా ఉంటోంది, అడిగిందే అడుగుతోంది. ఐ.ఎన్.ఆర్. (రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో చూపే పరీక్ష) 4.2, బిలిరుబిన్ 19 అన్నారు. ప్లాస్మా ఎక్స్ఛేంజ్ చేస్తాం, లివర్ మార్పిడికి కూడా సిద్ధంగా ఉండండి అంటున్నారు. ‘మీ తమ్ముణ్ణి పొట్టన పెట్టుకున్న మిషనే కదా, అది ఎక్కినవాళ్లు బతకరట, నా పిల్లకొద్దు’ అంటోంది మా ఆడపడుచు. ఆమె భర్తేమో ‘ముందు మిషన్ పెట్టి చూద్దాం, తగ్గకపోతే అప్పుడు ఆపరేషన్ సంగతి’ అంటున్నాడు. పిల్ల అన్న తన లివర్‌లో ముక్క ఇస్తానంటున్నాడు. కిడ్నీలు బాగానే ఉన్నా డయాలసిస్ అంటున్నారు, అదెందుకో మాకు అర్థం కాలేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చేరిన పూటే పిల్ల విషయంలో చేయాల్సింది మీకు విడిగా చెప్పేశాను. ఐసీయూలో ఉన్న మనిషికి ఈ శీర్షిక వెలువడేదాకా వ్యవధి ఉండదు. ఆ చెప్పిందే, కారణాలతో సహా, ఇలాంటి చోట నిలబడ్డ మిగతా కుటుంబాలకు కూడా పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

ప్లాస్మా ఎక్స్ఛేంజ్‌కి, అంటే రక్తంలోని ద్రవభాగాన్ని తీసి దాతలది ఎక్కించడానికి, సంతకం పెట్టండి. మార్పిడి ఏర్పాట్లు దాని ఫలితం చూశాక కాదు, దాంతో పాటే మొదలుపెట్టించండి. మీ ఆడపడుచు మాటా, ఆమె భర్త మాటా రెండూ ఈ పిల్లకు ముప్పే. ఆయన మాటతోనే ఎక్కువ ముప్పు, ఎందుకంటే అది వినడానికి సబబుగా ఉంటుంది.

ఇక మీ తమ్ముడి సంగతి. డెత్ సమ్మరీ మొత్తం చదివాను. దాని మీద మాట్లాడేముందు ఆ మిషన్ చేసే పనేమిటో, చేయలేని పనేమిటో చెప్పాలి. మీ బాధంతా ఆ తేడాలోనే ఉంది.

లివర్ చేసే పనులు లెక్కకు మించినవి. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్రోటీన్లు తయారుచేస్తుంది. అల్బుమిన్ అనే మరో రక్త ప్రోటీన్ తయారుచేస్తుంది. తిండి లేని వేళల్లో రక్తంలో చక్కెర పడిపోకుండా చూస్తుంది. పేగుల్లోంచి రక్తంలోకి వచ్చే సూక్ష్మజీవుల్ని వడగడుతుంది. అమ్మోనియాని యూరియాగా మార్చి బయటికి పంపిస్తుంది. మీ తమ్ముడికి పెట్టిన మిషన్ వీటిలో ఒకే ఒక్క కోవ పని, అదీ కొంతవరకే, చేస్తుంది: పేరుకుపోయిన వ్యర్థాల్ని తీసేయడం. ఏదైనా తయారుచేసే పని దానికి చేతకాదు.

సమ్మరీలో ‘మార్స్’ అని రాసి ఉంది. జర్మనీలో, రోస్టాక్ విశ్వవిద్యాలయంలో, 1990ల మొదట్లో తయారైన పద్ధతి అది. మామూలు డయాలసిస్‌లో నీళ్లలో కరిగేవి మాత్రమే పోతాయి: యూరియా, క్రియాటినిన్, అమ్మోనియా లాంటివి. బిలిరుబిన్, పైత్యరస ఆమ్లాలు అలా పోవు. అవి రక్తంలోని అల్బుమిన్‌ని గట్టిగా పట్టుకుని తిరుగుతాయి, అల్బుమిన్ ఏమో డయాలసిస్ పొరలోంచి దూరలేదు. అందుకని మార్స్‌లో పొరకు అవతలి వైపున కూడా అల్బుమిన్ ఉంచుతారు, మామూలుగా 20 శాతం ద్రావణం 600 మిల్లీలీటర్లు. రోగి రక్తం పొరకు ఇవతల పారుతుంటే, అందులోని బిలిరుబిన్ రోగి అల్బుమిన్‌ని వదిలి, పొర దాటి, అవతలి అల్బుమిన్‌ని అంటుకుంటుంది. ఆ అవతలి అల్బుమిన్ ఒక డయాలైజర్ గుండా, ఒక బొగ్గు గొట్టం గుండా, ఒక రెసిన్ గొట్టం గుండా తిరిగి, భారం దించుకుని మళ్లీ పొర దగ్గరికి వస్తుంది. ఒక్కో సిట్టింగు సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది గంటలు. లేత రంగులో మొదలైన ఆ ద్రవం గంటలు గడిచేకొద్దీ ముదురు పసుపుకు తిరుగుతుంది. బయట నిలబడి చూసే అటెండెంట్లకు అది కళ్లారా కనబడుతుంది కాబట్టి, రోగం బయటికి పోతోందన్న నమ్మకం కలుగుతుంది. కలగడం సహజం కూడా.

కానీ 31 నుంచి 14కి దిగిన ఆ బిలిరుబిన్ మిషన్ తీసింది, లివర్ తీసింది కాదు. సమ్మరీలోనే సాక్ష్యం ఉంది చూడండి. 14 వచ్చిన రోజున ఐ.ఎన్.ఆర్. 3.1. చేరిన రోజున 2.9. అంటే రక్తం గడ్డకట్టించే ప్రోటీన్లు తయారుచేసే పనిలో లివర్ ఒక్క మెట్టు కూడా పైకి రాలేదు. మిషన్ ఆపిన మర్నాటికి బిలిరుబిన్ మళ్లీ 19. ఐసీయూ బయట కూర్చున్న కుటుంబానికి రోజూ చెప్పే నంబర్ బిలిరుబిన్. వాళ్లు ఫోన్లలో చుట్టాలకు చెప్పే నంబరూ అదే. మిషన్ నడుస్తున్న రోజుల్లో లివర్ గురించి అతి తక్కువ చెప్పే నంబరు కూడా అదేనని ఎవరో ఒకరు ముందే చెప్పి ఉంటే మీకు అంత ఆశ, ఆ వెంటనే అంత దెబ్బ ఉండేవి కావు.

‘అక్కా’ అని పిలిచాడన్నారు. అది మీ భ్రమ కాదు. మార్స్ నిజంగా చేయగలిగే పనుల్లో అదొకటి. లివర్ జబ్బు వల్ల మెదడు మందగించి లోతైన మగతలోకి జారిన 70 మంది మీద చేసిన ట్రయల్ 2007లో వెలువడింది. మిషన్ పెట్టినవాళ్లు మిగతావాళ్లకన్నా త్వరగా, ఎక్కువగా తేరుకున్నారు. దీర్ఘకాలిక లివర్ జబ్బు ముదిరి స్పృహ తప్పిన స్థితికి దీన్ని వాడొచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఎ. 2012లో అనుమతించింది కూడా. అంతకు ముందు, 2005లో, మందుల అధిక మోతాదుకూ, ఒంట్లో విషం ఎక్కిన కేసులకూ అనుమతి ఇచ్చింది. ప్రాణాలు నిలుపుతుందన్న పేరు మీద మాత్రం ఇవ్వలేదు. మీ తమ్ముడు తెలివిలోకి వచ్చి మిమ్మల్ని పిలిచింది ఆ మిషన్ వల్లే, అది మీకు దక్కింది.

ప్రాణం సంగతి వేరు. మీ తమ్ముడిలాంటి వాళ్లమీదే, అంటే పాత సిరోసిస్ మీద హఠాత్తుగా లివర్ కుప్పకూలినవాళ్ల మీద, యూరప్‌లో రెండు పెద్ద ట్రయల్స్ జరిగాయి. ఒకటి మార్స్ మీద, 189 మందితో, 2013లో వెలువడింది. నాలుగు వారాల తర్వాత మిషన్ పెట్టినవాళ్లలో బతికి ఉన్నవారు 60.7 శాతం, పెట్టనివాళ్లలో 58.9 శాతం. దాదాపు సమానం. బిలిరుబిన్, క్రియాటినిన్ మాత్రం మిషన్ పెట్టినవాళ్లలో బాగా దిగాయి. రెండోది ప్రొమీథియస్ అనే మరో మిషన్ మీద, 145 మందితో, 2012లో వచ్చింది. నాలుగు వారాలకు 66 శాతం, 63 శాతం. అక్కడా కథ అదే. అన్నిటికన్నా తీవ్రంగా ఉన్న కొద్దిమందిలో కాస్త లాభం కనిపించిందని రాశారు గానీ, చిన్న గుంపులో కనిపించిన లాభాన్ని మళ్లీ విడిగా నిరూపించేదాకా నేను దాన్ని నమ్ముకుని ఎవరికీ మాటివ్వను.

ఎందుకిలా? బిలిరుబిన్ తీసేస్తే మనిషి బతకాలి కదా? బతకడు, ఎందుకంటే ఈ జబ్బులో చంపేది బిలిరుబిన్ కాదు. ఏదో ఒక ఇన్‌ఫెక్షనో, తాగుడో, రక్తస్రావమో నిప్పు రాజేస్తుంది. దానికి ఒళ్లంతా లోలోపలి వాపుతో (ఇన్‌ఫ్లమేషన్) స్పందిస్తుంది. కిడ్నీ, మెదడు, రక్తప్రసరణ, ఊపిరితిత్తులు ఒకదాని వెంట ఒకటి దెబ్బతింటాయి. ఈ జబ్బు స్వరూపాన్ని ఇప్పుడు మేమంతా వాడుతున్న పద్ధతిలో నిర్వచించింది యూరప్‌లో 1,343 మంది సిరోసిస్ రోగుల మీద జరిగి 2013లో వెలువడిన పరిశీలన. ఒక అవయవమో, రెండో, అంతకంటే ఎక్కువో పాడైనదాన్ని బట్టి మూడు గ్రేడ్లు పెట్టారు. 28 రోజుల్లో మరణాలు మొదటి గ్రేడులో 22 శాతం, రెండో గ్రేడులో 32 శాతం, మూడో గ్రేడులో 77 శాతం. మీ తమ్ముడి కాగితాల్లో లివర్, కిడ్నీ, రక్తం గడ్డకట్టే గుణం, మెదడు, బీపీ అన్నీ పాడైనట్టు ఉంది. మూడో సిట్టింగు అయిన మర్నాడు జ్వరం, నిమోనియా, ఆ సాయంత్రమే వెంటిలేటర్. చేరేనాటికే ఆయన మూడో గ్రేడు.

నాలుగో సిట్టింగు ఎందుకు వద్దన్నారో కూడా అదే కాగితంలో కనిపిస్తోంది. ప్లేట్‌లెట్లు 22,000కి పడిపోయాయి. ఒంట్లోంచి రక్తం బయటికి వెళ్లి, పొరల మీద, గొట్టాల్లో గంటల తరబడి తిరిగి వస్తుంటే ప్లేట్‌లెట్లు నలిగిపోతాయి, ఈ మిషన్లన్నిటితో వచ్చే ఇబ్బందే ఇది. మెడ రక్తనాళంలో పెట్టిన లావాటి గొట్టం (క్యాథెటర్) చుట్టూ రక్తం ఊరుతోందని నర్సింగ్ నోట్‌లో ఉంది. బీపీ నిలబెట్టే మందు మోతాదు మూడింతలు పెంచారు. పైగా ఇలాంటి మిషన్లు కొన్ని యాంటీబయాటిక్స్‌ని కూడా రక్తంలోంచి లాగేస్తాయి. నిమోనియా ముదురుతున్న మనిషికి అది మంచిది కాదు. ఆ పూట నేనున్నా ఆపేసేవాణ్ణే.

ఇక మీరు చదివిన ‘ఐదారు సిట్టింగులు’ మాట. అది ఊరికే పుట్టింది కాదు. మూడు ట్రయల్స్‌లోని 285 మంది వివరాలు కలిపి 2019లో ఒక విశ్లేషణ వెలువడింది. నాలుగు కన్నా ఎక్కువ సిట్టింగులు అందినవాళ్లు ఎక్కువగా బతికినట్టు అందులో కనిపించింది. ఇది చదివి ‘ఆపకుండా ఉంటే’ అనుకోవడం ఎవరికైనా సహజమే. కానీ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఐదో సిట్టింగు ఎవరికి అందుతుంది? ఐదో సిట్టింగు నాటికి బతికి ఉన్నవాళ్లకు. బీపీ నిలబడినవాళ్లకు, రక్తస్రావం లేనివాళ్లకు. రెండో రోజే పోయినవాళ్లు ‘తక్కువ సిట్టింగులు’ గుంపులో పడతారు. అంటే ఎక్కువ సిట్టింగులు మనిషిని బతికించి ఉండొచ్చు, బతికే మనిషికే ఎక్కువ సిట్టింగులు అంది ఉండొచ్చు. ఈ రెంటినీ విడదీయాలంటే ముందుగానే చీటీ తీసి సగం మందికి ఎక్కువ, సగం మందికి తక్కువ అని కేటాయించి చూడాలి. మీ తమ్ముడు మూడు దగ్గర ఆగడానికి కారణం ఆయన ఒళ్లు తట్టుకోలేని స్థితికి చేరడం. ఆపడం వల్ల ఆయన ఆ స్థితికి చేరలేదు.

మీ ఆడపడుచు విన్న ‘మిషన్ ఎక్కినవాళ్లు బతకరు’ మాటలోనూ ఇదే మెలిక, తిరగేసి. ఆసుపత్రి రికార్డులు పెద్దఎత్తున తీసి, కృత్రిమ లివర్ వాడినవాళ్లెందరు, అందులో పోయినవాళ్లెందరు అని లెక్కకడితే మరణాలు ఎక్కువే కనిపిస్తాయి. కనిపించకపోతేనే ఆశ్చర్యం. కాస్త కామెర్లతో వచ్చినవాళ్లకు ఎవరూ ఈ మిషన్ పెట్టరు. వెంటిలేటర్ మీద, కిడ్నీలు ఆగి, కోమాలోకి జారుతున్నవాళ్లకే పెడతారు. ఈ మిషన్లు పెద్ద పెద్ద మార్పిడి కేంద్రాల్లోనే ఎక్కువగా ఉంటాయి, అక్కడికి చేరేదే చేయి దాటిన కేసులు. మళ్లీ అవే కేంద్రాల్లో మార్పిడి కూడా జరుగుతుంది కాబట్టి, మిషన్ వాడినవాళ్లలో మార్పిడి జరిగి బతికినవాళ్లూ ఎక్కువే ఉంటారు. ఆ కోణంలో లెక్కకడితే మిషన్ మహత్తులా కనబడుతుంది. రికార్డుల్లోంచి తీసిన ఇలాంటి లెక్కలు ఎవరికి వాడుతున్నారు, ఎక్కడ వాడుతున్నారు, ఏ ఇబ్బందులు వస్తున్నాయి అన్నది తెలుసుకోవడానికి బాగా పనికొస్తాయి. పనిచేస్తుందా లేదా అన్నది మాత్రం ట్రయల్స్ తేల్చాల్సిందే.

ఒక్క విషయంలో మీ బాధకు ఆసుపత్రి వైపు నుంచి కూడా కారణం ఉందనిపిస్తోంది. మొదటి సిట్టింగుకి కన్సెంట్ ఫారం ముందు పెట్టిన రోజునే, ఇది ఎందుకు చేస్తున్నాం, ఎన్ని చేసి ఆగి చూస్తాం, ఏది జరిగితే ఆపేస్తాం అని చెప్పి ఉండాల్సింది. అది చెప్పకుండా మొదలుపెడితే ఆపిన ప్రతిసారీ ఇంటివాళ్లకు వదిలేసినట్టే ఉంటుంది.

ఇక పిల్ల దగ్గరికొద్దాం. మీ తమ్ముడిదీ పిల్లదీ ఒకే జబ్బు కాదు, చేయబోయేది ఒకే చికిత్సా కాదు.

మీ తమ్ముడి లివర్ ఏళ్ల తరబడి గట్టిపడి, మచ్చలుపడి ఉంది. దానికి తిరిగి కోలుకునే జాగా చాలా తక్కువ. పిల్ల లివర్ ఆరు వారాల కిందటిదాకా నిక్షేపంగా ఉంది. మందు పడక ఒక్కసారిగా దెబ్బతింది. అలాంటి లివర్ మళ్లీ పెరిగి పూర్తిగా మామూలు కాగలదు. కానీ పెరగడానికి రోజులూ వారాలూ పడుతుంది, ఈలోపు మెదడు వాచి ప్రాణం పోవడానికి కొన్ని గంటలు చాలు. ఇక్కడ కాలం కొనుక్కోవడానికి ఒక అర్థం ఉంది. మీ తమ్ముడి విషయంలో ఇన్‌ఫెక్షన్ వల్ల మార్పిడి దారి మూసుకుపోయాక, లివర్ తానుగా కోలుకునే ఆశా లేనప్పుడు, కొన్న కాలం దేనికీ అక్కరకు రాలేదు. ఏ కృత్రిమ లివర్ పద్ధతి గురించైనా కుటుంబం అడగాల్సిన మొదటి ప్రశ్న నా దృష్టిలో ఇదే: ఈ నాలుగైదు రోజులు దేనికోసం కొంటున్నాం? లివర్ కోలుకుంటుందనా, మార్పిడి కోసమా, లేక ఏ మందు పనిచేస్తుందో చూడటానికా? డాక్టర్ దగ్గర దీనికి సూటైన జవాబు ఉంటే ముందుకెళ్లండి. లేకపోతే ఇంకోసారి అడగండి.

ప్లాస్మా ఎక్స్ఛేంజ్‌లో అవతలి అల్బుమిన్, బొగ్గు గొట్టాల గొడవ లేదు. రక్తంలోని కణాల్ని వేరుచేసి, ప్లాస్మాని మొత్తంగా తీసి పారేసి, దాతల ప్లాస్మా ఎక్కిస్తారు. వ్యర్థాలతో పాటు, రక్తంలో అల్లకల్లోలం చేస్తున్న వాపు పదార్థాలూ పోతాయి. కొత్త ప్లాస్మాతో గడ్డకట్టే ప్రోటీన్లు కూడా వస్తాయి. హఠాత్తుగా లివర్ ఫెయిలైన 182 మంది మీద కోపెన్‌హేగన్, లండన్, హెల్సింకీ ఆసుపత్రులు కలిసి చేసిన ట్రయల్ 2016లో వెలువడింది. వరసగా మూడు రోజులు, ఒంటి బరువులో 15 శాతం చొప్పున ప్లాస్మా మార్చారు. 50 కిలోల మనిషికైతే రోజుకు ఏడున్నర లీటర్లన్నమాట. ఆసుపత్రి నుంచి బతికి ఇంటికెళ్లినవాళ్లు 58.7 శాతం, చేయనివాళ్లలో 47.8 శాతం. ఎక్కువ లాభం కనిపించింది మార్పిడి దక్కనివాళ్లలో. మిషన్లలో ఏదీ ఇంత గట్టిగా నిలబడలేదు. లివర్ కణాలనే గొట్టాల్లో నింపి చేసిన ‘సజీవ’ మిషన్లు, పంది కణాలతో ఒకటి, మనిషి కణాలతో ఒకటి, ఎంతో ఆర్భాటంగా వచ్చాయి. 171 మంది మీద చేసిన పంది కణాల ట్రయల్ ఫలితాలు 2004లోనూ, మనిషి కణాలవి 2018లోనూ వచ్చాయి, రెండూ అనుకున్నది సాధించలేకపోయాయి. పాతకాలపు ప్లాస్మా మార్పిడే చివరికి నెగ్గింది. యూరప్ లివర్ సంఘం 2017 మార్గదర్శకాల్లో దీన్ని సిఫారసు చేసింది కూడా. పెద్ద పరిమాణంలో కాకుండా మామూలు పరిమాణంలో చేసినా లాభం ఉన్నట్టు 2022లో 40 మందితో ఒక చిన్న ట్రయల్ చూపింది. కాబట్టి మీ ఆసుపత్రివాళ్లు తక్కువ లీటర్లు చెప్పినా కంగారుపడకండి.

ఇప్పుడు ఆ తండ్రి మాట. ‘ముందు ఇది చూద్దాం, తర్వాత ఆపరేషన్.’ లండన్‌లోని కింగ్స్ కాలేజ్ ఆసుపత్రి 1989లో ప్రకటించిన కొలతల్ని ఇప్పటికీ మేం వాడుతున్నాం. పారాసిటమాల్ (జ్వరం మాత్ర) మోతాదు మించడం కాని కారణాలకు అందులో ఐదు అంశాలుంటాయి, మూడు సరిపోతే మార్పిడి లేకుండా బతకడం కష్టమని అర్థం. పదేళ్ల లోపు లేదా నలభై దాటిన వయసు, ఇది పిల్లకు వర్తించదు. మందు వల్ల వచ్చిన జబ్బు, వర్తిస్తుంది. కామెర్లకూ మగతకూ మధ్య వారం కన్నా ఎక్కువ, తొమ్మిది రోజులన్నారు. ఐ.ఎన్.ఆర్. 3.5 పైన, 4.2 ఉంది. బిలిరుబిన్ 17.5 పైన, 19 ఉంది. ఐదింటిలో నాలుగు. అమెరికాలో 17 కేంద్రాల్లో 308 మందిని గమనించి 2002లో ప్రచురించిన పరిశీలనలో, పారాసిటమాల్ అధిక మోతాదు వాళ్లలో 68 శాతం మార్పిడి లేకుండానే బతికారు. మిగతా మందులు పడనివాళ్లలో 25 శాతమే. ఈ లెక్కలు ముందు పెట్టుకుని ‘తర్వాత చూద్దాం’ అనడానికి లేదు.

ఇంకో చిక్కుంది, ఇది చాలామందికి తెలియదు. ప్లాస్మా ఎక్స్ఛేంజ్ అయ్యాక ఐ.ఎన్.ఆర్. చూస్తే 1.8 అని రావచ్చు. ఇల్లంతా సంబరం. ఆ తగ్గింది ఎవరో దాతల ప్లాస్మాలోని ప్రోటీన్ల వల్ల, పిల్ల లివర్ వల్ల కాదు. మీ తమ్ముడి బిలిరుబిన్ విషయంలో జరిగిందే ఇక్కడ ఐ.ఎన్.ఆర్. విషయంలో జరుగుతుంది. అందుకే మొదటి ఎక్స్ఛేంజ్‌కి ముందు తీసిన ఐ.ఎన్.ఆర్., లాక్టేట్ (రక్తంలో పేరుకునే ఒక ఆమ్లం), అమ్మోనియా రిపోర్టులు మార్పిడి టీం చేతికి చేరాయో లేదో అడిగి తెలుసుకోండి. ఆ తర్వాత మీరు రోజూ అడగాల్సింది మగత ఎన్నో గ్రేడులో ఉంది, అమ్మోనియా ఎంత, ఎక్స్ఛేంజ్ ఆపిన మర్నాడు ఐ.ఎన్.ఆర్. ఎక్కడ నిలబడింది అని. ఎక్స్ఛేంజ్‌లు ఆపాక కూడా ఐ.ఎన్.ఆర్. దానంతటదే దిగుతూ, పిల్ల తెలివిగా మాట్లాడుతుంటే, అప్పుడు మార్పిడి వాయిదా గురించి డాక్టర్లే చెప్తారు. అలా అవసరం తప్పినవాళ్లూ ఉన్నారు. మార్పిడి కోసం ఎదురుచూసేవాళ్ల జాబితాలో పేరు ఉన్నంత మాత్రాన ఆపరేషన్ అయిపోయినట్టు కాదు, ఆఖరి గంటలో కూడా ఆగొచ్చు. పేరే ఎక్కించకపోతే మాత్రం అవసరమైనప్పుడు దారి ఉండదు. ఫ్రాన్స్‌లో 102 మంది మీద మార్స్ ట్రయల్ చేస్తే, జాబితాలో చేరిన దగ్గర్నుంచి మార్పిడికి పట్టిన సమయం సగటున 16 గంటలు. మిషన్ లాభమేమిటో తేల్చడానికి కూడా వ్యవధి చాలలేదు. దొరికిన లివరే వాళ్లను కాపాడింది.

కిడ్నీలు బాగుండగా డయాలసిస్ ఎందుకన్నారు. కిడ్నీ కోసం కాదు, అమ్మోనియా కోసం. అది రక్తంలో పెరిగితే మెదడు నీరు పట్టి వాస్తుంది. నిదానంగా, 24 గంటలూ నడిచే డయాలసిస్ అమ్మోనియాని దించుతుంది. వాపు వచ్చాక కాదు, రాకముందే పెట్టాలి, కాబట్టి ఆ సలహా ఇచ్చినవాళ్లు జాగ్రత్తగానే ఉన్నారు. ఎన్-ఎసిటైల్ సిస్టీన్ ఎక్కిస్తున్నారా అని కూడా అడగండి. అది పారాసిటమాల్ విషానికి విరుగుడు మాత్రమే అనుకుంటారు చాలామంది. మగత ఇంకా తొలి దశలో ఉన్నవాళ్లలో వేరే కారణాలకూ పనిచేసినట్టు 2009 ట్రయల్‌లో తేలింది, మార్పిడి లేకుండా బతికినవాళ్లు 52 శాతం, ఇవ్వనివాళ్లలో 30 శాతం. మగత ముదిరాక ఆ లాభం కనిపించలేదు.

అన్న సంగతి. కుర్రాడు ముందుకు రావడం గొప్ప విషయం. బ్లడ్ గ్రూపు, లివర్ స్కాన్, కొవ్వు ఎంత ఉంది, మిగిలే భాగం అతనికి సరిపోతుందా, ఇవన్నీ మామూలుగా వారాలు పట్టే పరీక్షలు. ఇలాంటి అత్యవసరంలో ఒకటి రెండు రోజుల్లో ముగిస్తారు, మొదలుపెడితేనే. పెద్దవాళ్లకు సాధారణంగా కుడి భాగం, లివర్‌లో దాదాపు 60 శాతం, తీస్తారు. ఇచ్చినవాడికి కొద్ది నెలల్లో చాలావరకు తిరిగి పెరుగుతుంది. దాతకు ప్రాణాపాయం అరుదు, కానీ సున్నా కాదు. అందుకని అతన్ని తల్లిదండ్రులు పక్కన లేకుండా ఒంటరిగా కూర్చోబెట్టి డాక్టర్లు మాట్లాడతారు, మాట్లాడాలి. ఆ గదిలో అతను వద్దంటే, కారణం మీకు చెప్పకుండా ‘సరిపోలేదు’ అని మాత్రమే చెప్పే ఆనవాయితీ చాలా కేంద్రాల్లో ఉంది. మీరు కూడా గుచ్చి గుచ్చి అడగకండి. ఒక్క అన్న మీదే ఆశ పెట్టుకోకుండా, మరణించిన దాతల జాబితాలో కూడా పేరు ఎక్కించమనండి.

టీబీ ఉండగా మార్పిడి ఎలా అని మీ వాళ్లలో ఎవరో తప్పకుండా అడుగుతారు. మందుల వల్ల లివర్ పోయిన టీబీ రోగులకు మార్పిడి చేయడం కొత్తేమీ కాదు. ఇథాంబుటాల్, లీవోఫ్లాక్సాసిన్ లాంటి, లివర్‌ని పెద్దగా బాధించని మందులతో టీబీ వైద్యం నడుపుతారు. టీబీ మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ మార్పిడి తర్వాత వాడే మందుల్ని దెబ్బతీస్తుంది కాబట్టి దాంతో ఇంకా జాగ్రత్త. మీరు చేయాల్సింది ఒక్కటే: టీబీ ఎక్కడ తేలింది, ఏ పరీక్షలో తేలింది, ఏ మాత్రలు ఏ తేదీ నుంచి వేసుకుంది అన్న కాగితాలన్నీ మార్పిడి టీంకి ఇవ్వండి. ఇంట్లో మిగిలిన ఆ మాత్రల డబ్బా కూడా పట్టుకెళ్లండి.